ఆటో అప్‌డేట్ ఆన్‌లో పెట్టాలా, మన చేతిలో ఉంచుకోవాలా: దేనికి ఏది సరిపోతుంది

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపానికి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే చిన్న అప్‌డేట్) ఇచ్చింది. సరిగ్గా 59 రోజులకు, మే 12న, అదే లోపాన్ని పట్టుకుని వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) బయల్దేరింది. ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ దారిన అది దూరలేకపోయింది. వేసుకోనివి సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా దెబ్బతిన్నాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల అపాయింట్‌మెంట్లు రద్దు చేయాల్సి వచ్చింది.

2024 జులై 19న దీనికి పూర్తిగా ఎదురు దిక్కున మరొకటి జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. అది ఎవరినీ అడక్కుండా బ్యాక్‌గ్రౌండ్‌లో దిగిపోయింది. తప్పు తెలిసి 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు అప్పటికే నీలి తెర మీద ఆగిపోయాయి. విమానాలు నిలిచిపోయాయి, బ్యాంకుల కౌంటర్లు ఆగాయి.

ఆటో అప్‌డేట్ ఉండాల్సిందే అనేవాళ్లు మొదటిది చూపిస్తారు, వద్దనేవాళ్లు రెండోది చూపిస్తారు. ఎవరి మాటా అబద్ధం కాదు. చిక్కంతా కంప్యూటర్ మొత్తానికీ ఒకే స్విచ్ ఉన్నట్టు ఆలోచించడం వల్ల వస్తుంది. బ్రౌజర్‌కు సరైన జవాబు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు సరిపోదు, ఫోన్‌కు సరైనది సర్వర్‌కు పనికిరాదు. అందుకే ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను విడిగా తీసుకుని నిర్ణయించుకోవాలి. దానికి ముందు కొలతలు కావాలి.

## నిర్ణయించే ముందు చూసుకోవాల్సినవి

బయటి నుంచి వచ్చేవాటిని తెరుస్తుందా? బ్రౌజర్, మెయిల్, మెసేజింగ్ యాప్, పీడీఎఫ్ రీడర్, వీడియో ప్లేయర్ ముక్కూమొహం తెలియని వాళ్లు తయారుచేసిన ఫైళ్లను రోజూ తెరుస్తాయి. రౌటర్, వెబ్‌సైట్, సర్వర్ అయితే ఇరవై నాలుగు గంటలూ ఇంటర్నెట్‌కు మొహం పెట్టుకుని కూర్చుంటాయి. ఇలాంటివాటికి ప్యాచ్ ఆలస్యమైన ప్రతి రోజూ ప్రమాదమే. నెట్‌తో సంబంధం లేని డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఆ తొందర లేదు.

వెనక్కి వెళ్లే దారి ఉందా? చాలామంది మరిచిపోయే కొలత ఇదే, మా దృష్టిలో అన్నిటికంటే బరువైనదీ ఇదే. అప్‌డేట్ చెడితే పాత వెర్షన్‌కు పది నిమిషాల్లో తిరిగి రాగలిగితే ధైర్యంగా ఆటోలో పెట్టవచ్చు. రాలేకపోతే ఆచితూచి అడుగు వేయాలి. ఈ విషయంలో ఒక్కో వేదికది ఒక్కో తీరు. విండోస్‌లో నెలవారీ ప్యాచ్‌ను తీసేయవచ్చు. పెద్ద వెర్షన్ మార్పును మాత్రం సాధారణంగా 10 రోజుల్లోపే వెనక్కి తిప్పగలం. ఐఫోన్‌లో పాత ఐఓఎస్‌కు యాపిల్ డిజిటల్ సంతకం (ఇన్‌స్టాల్‌కు ఇచ్చే ఆమోద ముద్ర) ఆపేసిన మరుక్షణం తిరుగు దారి మూసుకుపోతుంది. ప్లే స్టోర్‌లో యాప్‌ను పాత వెర్షన్‌కు తెచ్చే బటనే లేదు.

ఇందులోనే మరో మెలిక ఉంది. ప్రోగ్రామ్ వెనక్కి వచ్చినా దాని డేటా రాకపోవచ్చు. అకౌంటింగ్, ఫోటో లైబ్రరీ, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కొత్త వెర్షన్‌లో మొదటిసారి తెరవగానే పాత ఫైలును కొత్త ఫార్మాట్‌లోకి మార్చేస్తాయి. ఆ తర్వాత పాత వెర్షన్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఆ ఫైలు తెరుచుకోదు. అప్‌డేట్‌కు ముందు తీసిన ఫైలు కాపీ ఒక్కటే అప్పుడు దిక్కు.

రీస్టార్ట్ ఎప్పుడు అడుగుతుంది? డౌన్‌లోడ్ ఎవరినీ ఇబ్బంది పెట్టదు. మూసి తెరవమన్నప్పుడే పని ఆగుతుంది. రాత్రంతా రెండర్ అవుతున్న వీడియో, పూర్తికాని పరీక్ష, నడుస్తున్న ఆన్‌లైన్ క్లాసు పోయేది అక్కడే.

పంపేది ఎవరు? ఆటో అప్‌డేట్ అంటే ఇంటి తాళం చెవి ఒకటి వాళ్ల దగ్గర ఉంచడమే. ఆ తాళం చెవిని దొంగలు కాజేసిన సందర్భాలు ఉన్నాయి. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో విరివిగా వాడే ఎం.ఈ.డాక్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సర్వర్‌లో చొరబడి నాట్‌పెట్యా అనే విధ్వంసక మాల్‌వేర్‌ను వదిలారు. 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ అనే నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ సంస్థ ఉదంతంలో విషం కలిపిన అప్‌డేట్‌ను సుమారు 18,000 మంది కస్టమర్లు మామూలు అప్‌డేట్ అనుకునే తీసుకున్నారు.

డేటా, డిస్క్. పరిమిత డేటా ప్యాక్ మీద ఉంటే ఆ నెట్‌వర్క్‌ను విండోస్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’గా మార్చండి, ఫోన్‌లో ‘వైఫై ఓన్లీ’ పెట్టండి. డిస్క్‌లో 20 జీబీ ఖాళీ ఉంచండి. పెద్ద అప్‌డేట్లు సగంలో ఆగిపోవడానికి చోటు చాలకపోవడమూ ఒక కారణం.

## దిగడం వేరు, అమల్లోకి రావడం వేరు

ఆటో అప్‌డేట్‌లో నాలుగు మెట్లు ఉంటాయి: కొత్తది ఉందా అని అడగడం, దించుకోవడం, డిజిటల్ సంతకం సరిచూడటం, పాతదాని స్థానంలో పెట్టడం. చివరి మెట్టు దగ్గరే జనం మోసపోతారు.

క్రోమ్‌ను చూడండి. కొత్త వెర్షన్‌ను తనంతట తానే దించి పక్కన పెట్టుకుంటుంది. కానీ మీరు బ్రౌజర్‌ను మూసి తెరిచేదాకా నడిచేది పాతదే. యాభై ట్యాబులు తెరిచి పెట్టుకుని, లాప్‌టాప్‌ను మూత వేయడమే తప్ప ఎన్నడూ షట్‌డౌన్ చేయని వాళ్ల దగ్గర రెండు మూడు వారాల పాత బ్రౌజర్ నడుస్తూ ఉంటుంది. ఆటో అప్‌డేట్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. కుడివైపు మూడు చుక్కల మెనూలో ‘హెల్ప్’, అందులో ‘అబౌట్ గూగుల్ క్రోమ్’ తెరవండి. అక్కడ ‘రీలాంచ్’ బటన్ కనిపించిందంటే ప్యాచ్ మీ డిస్క్‌లో ఉంది కానీ మీకు కాపలా కాయడం లేదు. 2023 ఆగస్టు నుంచి క్రోమ్‌కు సెక్యూరిటీ ప్యాచ్‌లు వారానికి ఒకసారి వస్తున్నాయి. కాబట్టి వారంలో ఒక రోజు బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవడం అలవాటు చేసుకోండి.

లినక్స్ సర్వర్‌లోనూ ఇదే కథ. లైబ్రరీ ఫైలు (చాలా ప్రోగ్రాములు పంచుకునే కోడ్) మారిపోతుంది, దాన్ని ముందే మెమరీలోకి ఎక్కించుకున్న వెబ్ సర్వర్ మాత్రం పాత కోడ్‌తోనే నడుస్తుంది. సర్వీసును రీస్టార్ట్ చేయాలి. కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) మారితే మెషీన్‌నే రీబూట్ చేయాలి.

ఆండ్రాయిడ్ 7.0తో 2016లో వచ్చిన ఏ/బీ పద్ధతి ఈ మెట్టును అందంగా దాటింది. ఫోన్‌లో సిస్టమ్‌కు రెండు స్థలాలు ఉంటాయి. మీరు ‘ఏ’ మీద పనిచేస్తుంటే కొత్తది వెనకాల ‘బీ’లో సిద్ధమవుతుంది. రీస్టార్ట్ చేస్తే ‘బీ’ నుంచి లేస్తుంది, అది లేవలేకపోతే ‘ఏ’కు తిరిగి వస్తుంది. ఈ పద్ధతి ఉన్న ఫోన్లలో సిస్టమ్ అప్‌డేట్‌ను ఆటోలో పెట్టడానికి భయపడనక్కర్లేదు.

## ఐదు పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | సెక్యూరిటీ ప్యాచ్ ఎప్పుడు అందుతుంది | పనికి అంతరాయం | చెడ్డ అప్‌డేట్ తగిలే అవకాశం | మీరు పెట్టాల్సిన శ్రద్ధ |
|---|---|---|---|---|
| 1. అంతా ఆటో | కొన్ని గంటల నుంచి కొన్ని రోజులు | వేళలు సెట్ చేయకపోతే ఎక్కువ | ఎక్కువ | దాదాపు లేదు |
| 2. ఆటో డౌన్‌లోడ్, చేత్తో ఇన్‌స్టాల్ | మీరు నొక్కినప్పుడు | తక్కువ | మధ్యస్థం | వారానికి పది నిమిషాలు |
| 3. సెక్యూరిటీ ఆటో, ఫీచర్లు ఆలస్యంగా | త్వరగా | తక్కువ | తక్కువ | మొదట ఒక అరగంట, తర్వాత నెలకోసారి చూపు |
| 4. కబురు మాత్రమే | గుర్తున్నప్పుడు | మీ ఇష్టం | తక్కువ | చాలా |
| 5. ఆఫ్, వెర్షన్ బిగింపు | అందదు | ఉండదు | ఉండదు | అన్నిటికంటే ఎక్కువ |

### 1. అంతా ఆటో

ఫోన్, బ్రౌజర్, యాంటీవైరస్ సంతకాలు (వైరస్‌లను గుర్తుపట్టే జాబితా), రౌటర్‌కు ఇదే సరి. కంప్యూటర్ గురించి ఆలోచించే తీరిక లేని ఇంటి సభ్యుల పరికరాలన్నిటికీ ఇదే పెట్టండి. ‘రోజూ వచ్చే ఆ నోటిఫికేషన్‌ను పక్కకు తోసేస్తాను’ అనేవాళ్లకు వేరే పద్ధతి సూచించడం వాళ్లను ప్రమాదంలోకి నెట్టడమే.

ఇందులో రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది వేళ. విండోస్‌లో ‘సెట్టింగ్స్’, ‘విండోస్ అప్‌డేట్’, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి ‘యాక్టివ్ అవర్స్’ను చేత్తో పెట్టండి. గరిష్ఠంగా 18 గంటలు ఇవ్వవచ్చు. ఆ వేళల్లో అది తనంతట తాను రీస్టార్ట్ కాదు. అక్కడే ‘రీస్టార్ట్ అవసరమైతే నాకు చెప్పు’ అనే స్విచ్‌నూ ఆన్ చేయండి. ‘విండోస్ అప్‌డేట్’ మొదటి పేజీలో కనిపించే, కొత్త అప్‌డేట్లు రాగానే తెచ్చుకునే స్విచ్‌ను మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి. అది సెక్యూరిటీని త్వరగా తెచ్చేది కాదు, ఇంకా అందరికీ పంపని మార్పులను మీ మీద ముందుగా ప్రయోగించేది.

రెండోది, ఆటో అంటే వెంటనే అని అనుకోవడం. ఐఫోన్‌లో ఆటో అప్‌డేట్ ఛార్జింగ్‌లో, వైఫైలో ఉన్న రాత్రి పూట జరుగుతుంది. పైగా యాపిల్ అందరికీ ఒకే రోజు పంపదు, వంతులవారీగా వదులుతుంది. దాడులు ఇప్పటికే జరుగుతున్న లోపానికి ప్యాచ్ వచ్చిందని వార్త చూస్తే ఆగకుండా ‘సెట్టింగ్స్’, ‘జనరల్’, ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’లోకి వెళ్లి మీరే నొక్కండి.

### 2. దించడం దానిది, ఇన్‌స్టాల్ మీది

వీడియో ఎడిటర్లు, పాఠాలు చెప్పేవాళ్లు, రాతపనివాళ్లు, మధ్యలో ఆగితే నష్టపోయేవాళ్లకు ఇది హాయి. ఫైలు ముందే దిగి ఉంటుంది కాబట్టి నొక్కాక ఎక్కువసేపు పట్టదు. వచ్చిన చిక్కల్లా ‘తర్వాత చూద్దాం’ అన్నది నెలలకు సాగడం. దీనికి మందు క్యాలెండర్‌లో వారానికి ఒక పక్కా సమయం. డెలివరీ ఇచ్చేసిన రోజు సాయంత్రం పెట్టుకోండి. డెలివరీకి ముందురోజు మాత్రం వద్దు.

### 3. సెక్యూరిటీ ఆటో, కొత్త హంగులు ఆలస్యంగా

కాస్త ఓపిక ఉన్న ఎవరికైనా మేం మొదట సూచించేది ఇదే. ప్యాచ్ అనేది చిరుగుకు వేసే మాసిక, ఫీచర్ అప్‌డేట్ అంటే చొక్కానే మార్చడం. సెక్యూరిటీ ప్యాచ్ సాధారణంగా కొద్ది చోట్లే ముట్టుకుంటుంది. పెద్ద వెర్షన్ మెనూల దగ్గర నుంచి ఫైల్ ఫార్మాట్ల దాకా మార్చేస్తుంది. విండోస్ 10లో 2018 అక్టోబరు వెర్షన్ కొందరి డాక్యుమెంట్లనే చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపి, సరిచేసి, నవంబరులో మళ్లీ విడుదల చేసింది. నెల రోజులు ఆగినవాళ్లకు ఆ నష్టం తగల్లేదు.

అమలు చేసే తీరు ఇలా ఉంటుంది. విండోస్ ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ అనే సెట్టింగుల సాధనం ద్వారా ఫీచర్ అప్‌డేట్లను 365 రోజుల దాకా, నెలవారీ క్వాలిటీ అప్‌డేట్లను (సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చేది వీటిలోనే) 30 రోజుల దాకా వెనక్కి పెట్టవచ్చు. ఫీచర్లకు 60 నుంచి 90 రోజులు, క్వాలిటీకి 3 నుంచి 7 రోజులు సరిపోతాయి. హోమ్ ఎడిషన్‌లో ఈ విభజన లేదు, మొత్తాన్నీ కలిపి 5 వారాల దాకా ‘పాజ్’ చేయడం ఒక్కటే ఉంది. మ్యాక్‌లో ‘సెట్టింగ్స్’, ‘జనరల్’, ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’లో ఆటోమేటిక్ అప్‌డేట్స్ పక్కనున్న చిన్న ‘ఐ’ గుర్తు నొక్కితే స్విచ్‌లు విడివిడిగా ఉంటాయి. సెక్యూరిటీ రెస్పాన్స్‌లు, సిస్టమ్ ఫైళ్ల స్విచ్ ఆన్‌లో ఉంచి, మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్లది మీ చేతిలో పెట్టుకోండి. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో ‘అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్’ ముందునుంచే సెక్యూరిటీవి మాత్రమే వేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే కావాలంటే ఈఎస్‌ఆర్ (హంగులు అరుదుగా మార్చి, సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తూ ఉండే) వెర్షన్ వాడండి.

ఎన్ని రోజులు ఆగవచ్చన్నది ఊరికే వేసే అంకె కాదు. ప్యాచ్ బయటికి రాగానే దాడి చేసేవాళ్లు పాత ఫైలును, కొత్త ఫైలును పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఏ వరస మారిందో చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. అంటే ప్యాచ్ విడుదలే గడియారాన్ని మొదలుపెడుతుంది. మరోవైపు చెడ్డ అప్‌డేట్ సంగతి సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లోనే గోల అవుతుంది. ఈ రెండిటి మధ్య ఇరుకైన కిటికీయే 3 నుంచి 7 రోజులు. బ్రౌజర్‌కు ఆ కిటికీ కూడా ఇవ్వొద్దు.

### 4. కబురు మాత్రమే

నిపుణులకు, ఒకటి రెండు ప్రత్యేక సాఫ్ట్‌వేర్లకు తప్ప దీన్ని సిఫారసు చేయం. కబురు రోజూ వస్తుంది, కన్ను దానికి అలవాటుపడుతుంది, చూడటం మానేస్తుంది. పైగా వెబ్ పేజీలో ఎగిరిపడే నకిలీ ‘మీ ప్లేయర్ పాతబడింది, అప్‌డేట్ చేయండి’ కిటికీలకు కబురు చూసి నొక్కే అలవాటున్నవాళ్లు సులువుగా బలవుతారు. అప్‌డేట్ ఎప్పుడూ ఆ ప్రోగ్రామ్ మెనూలోంచో, సిస్టమ్ సెట్టింగ్స్‌లోంచో మాత్రమే చేయాలి.

### 5. ఆఫ్, వెర్షన్ బిగింపు

ఒక యంత్రాన్ని నడిపే కంప్యూటర్, ల్యాబ్ పరికరానికి తగిలించిన పీసీ, ఫలానా వెర్షన్‌తోనే ధ్రువీకరణ పొందిన వ్యవస్థ: ఇలాంటి చోట ఆఫ్ న్యాయమే. కానీ అప్పుడు ఆ పెట్టెను నెట్ నుంచి విడదీయాలి, పెన్‌డ్రైవ్‌లు అదుపులో ఉంచాలి, డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీసి పెట్టుకోవాలి. ఆఫ్ చేసి అదే కంప్యూటర్‌లో మెయిల్ చూసుకోవడం తలుపు తీసి పడుకోవడమే. ప్రోగ్రామర్లు లైబ్రరీ వెర్షన్లను లాక్ ఫైలులో (ఏ వెర్షన్ వాడాలో రాసి ఉంచే జాబితాలో) బిగించడం మాత్రం మంచి పద్ధతి, దాని సంగతి కింద వస్తుంది.

## మీరు ఏ కోవలోకి వస్తారు

ఇంట్లో ఒక ఫోన్, ఒక లాప్‌టాప్. ఫోన్‌కు, బ్రౌజర్‌కు మొదటి పద్ధతి. లాప్‌టాప్‌కు యాక్టివ్ అవర్స్ పెట్టిన మొదటి పద్ధతి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ‘సెట్టింగ్స్’, ‘నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్’, ‘ఆటో అప్‌డేట్ యాప్స్’లో వైఫై మాత్రమే ఎంచుకోండి. ఏదో ఒక యాప్ కొత్త రూపం నచ్చక ఆపాలనుకుంటే మొత్తం ఆపొద్దు. ఆ యాప్ పేజీలోనే పైనున్న మూడు చుక్కలు నొక్కి ‘ఎనేబుల్ ఆటో అప్‌డేట్’ టిక్ ఒక్కటే తీసేయండి.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు మరో ప్రమాదం. అవి చప్పుడు లేకుండా అప్‌డేట్ అవుతాయి, వాటి యజమాని మారినా మనకు తెలియదు. ద గ్రేట్ సస్పెండర్ అనే బాగా పేరున్న ఎక్స్‌టెన్షన్ చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. ఆటో అప్‌డేట్ ఆపడం దీనికి జవాబు కాదు. ఎక్స్‌టెన్షన్ల సంఖ్యనే తగ్గించండి. గత నెలలో వాడనివి ఇవాళే తీసేయండి.

పది పదిహేను కంప్యూటర్లున్న ఆఫీసు. అన్నిటికీ ఒకే రోజు అప్‌డేట్ పోవడమే ఇక్కడ అసలు ప్రమాదం. వరసలుగా విడగొట్టండి. 15 కంప్యూటర్లు ఉంటే 2 మొదటి వరసలో, అంటే విడుదలైన రోజే. 5 రెండో వరసలో, 3 రోజుల తర్వాత. మిగిలిన 8 మూడో వరసలో, 7 రోజులకు. విండోస్ నెలవారీ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి కాబట్టి ముందుగానే లెక్క వేసుకోవచ్చు.

మొదటి వరసలో ఎవరి కంప్యూటర్లు పెడతారన్నది ముఖ్యం. ఖాళీగా మూలనున్న పాత పీసీని పెడితే ఏమీ తెలియదు. రోజూ ప్రింట్లు తీసే, బిల్లింగ్ నడిపే, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య దారి) వాడే వ్యక్తి కంప్యూటర్ ఒకటి తప్పకుండా ఉండాలి. మర్నాడు వాళ్లతో నాలుగే పరీక్షలు చేయించండి: నెట్‌వర్క్ ప్రింటర్‌కు ఒక పేజీ, షేర్డ్ ఫోల్డర్‌లో ఒక ఫైలు సేవ్, వీపీఎన్ కనెక్షన్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక నమూనా బిల్లు. ప్రింటర్‌ను మొదట రాయడానికి కారణం ఉంది. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే విండోస్ ప్రింటింగ్ లోపానికి వచ్చిన ప్యాచ్‌ల తర్వాత చాలా ఆఫీసుల్లో నెట్‌వర్క్ ప్రింటర్లు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతూ మొరాయించాయి.

వరసలు పెట్టుకున్నా అన్ని అప్‌డేట్లూ వాటిని పాటించవు. క్రౌడ్‌స్ట్రైక్ ఘటనలో కొన్ని సంస్థలు ‘మాకు ఒక వెర్షన్ వెనక ఉన్నది చాలు’ అని ముందే సెట్ చేసుకున్నాయి. కానీ ఆ సెట్టింగ్ ప్రోగ్రామ్ వెర్షన్‌కే వర్తించింది, ఆ రోజు వచ్చిన కంటెంట్ ఫైలుకు వర్తించలేదు. మీ భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: మేం పెట్టిన వాయిదా ప్రోగ్రామ్‌కేనా, రోజువారీ కంటెంట్ ఫైళ్లకూ వర్తిస్తుందా? ఆ రోజు మరో పాఠం కూడా దొరికింది. మరమ్మతుకు చాలాచోట్ల ఒక్కో కంప్యూటర్ ముందూ కూర్చుని సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు చెరపాల్సి వచ్చింది, డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ కీలు దాచిన సర్వరే పడిపోయిన చోట పని రోజులకు సాగింది. ప్రతి కంప్యూటర్ కీనీ కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి.

వెబ్‌సైట్ నడిపేవాళ్లు. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లను తనే వేసుకుంటుంది. దాన్ని ఎప్పుడూ ఆపొద్దు. ప్లగిన్‌లకు (అదనపు పనుల కోసం తగిలించే చిన్న ప్రోగ్రాములకు) ఆటో అప్‌డేట్ స్విచ్ 2020లో 5.5తో వచ్చింది, వీటిని ఒక్కొక్కటిగా నిర్ణయించుకోండి. కాంటాక్ట్ ఫారం, ఎస్‌ఈఓ, గ్యాలరీ లాంటివాటికి ఆన్. చెల్లింపులు, సభ్యత్వం, పేజ్ బిల్డర్‌కు చేత్తో, అదీ నకలు సైట్‌లో పరీక్షించాక, రెండు రోజుల్లోపు.

2024లో వచ్చిన 6.6 నుంచి ఆటోగా వేసిన ప్లగిన్ సైట్‌ను కూలిస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని తనే వెనక్కి తిప్పుతుంది. ఇది మంచి రక్షణే కానీ, అది పట్టుకునేది పీహెచ్‌పీ ఫేటల్ ఎర్రర్‌ను, అంటే కోడ్ పూర్తిగా ఆగిపోయే తప్పును మాత్రమే. సైట్ చక్కగా తెరుచుకుని ‘చెల్లించు’ బటన్ మాత్రం పనిచేయకపోతే దానికి తెలియదు. కాబట్టి అప్‌డేట్ తర్వాత ఒక ఆర్డర్ వేసి చూడటం మీ పనే. మరొకటి, వర్డ్‌ప్రెస్ తన షెడ్యూల్ పనులను ఎవరైనా సైట్ తెరిచినప్పుడే నడుపుతుంది. సందర్శకులు అరుదుగా వచ్చే సైట్‌లో ఆటో అప్‌డేట్ కూడా అరుదే. హోస్టింగ్ ప్యానెల్‌లో నిజమైన క్రాన్ జాబ్ (చెప్పిన వేళకు సర్వర్ తనే నడిపే పని) పెట్టుకుంటే ఈ ఇబ్బంది పోతుంది.

సర్వర్ చూసుకునేవాళ్లు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆటో, డేటాబేస్ ప్యాకేజీలు హోల్డ్‌లో (మీరు చెప్పేదాకా మారకుండా), రీబూట్ మీరు చెప్పిన వేళ. ఉబుంటులో ఆటో రీబూట్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. ఒకే పని చేసే రెండు సర్వర్లు ఉంటే ఆన్ చేసి, ఒకదానికి ఒక రాత్రి, రెండోదానికి మరో రాత్రి ఇవ్వండి. ఒక్కటే ఉంటే ఆఫ్‌లో ఉంచి వారానికోసారి మీరే రీబూట్ చేయండి. ఇక్కడ స్నాప్ ప్యాకేజీలది (ఉబుంటులో విడిగా వచ్చే ఒక రకం ప్యాకేజీలది) వేరే లెక్క. అవి డీఫాల్ట్‌గా రోజుకు 4 సార్లు కొత్తవాటి కోసం చూసి తమంతట తామే మారిపోతాయి. డేటాబేస్ స్నాప్‌గా ఉంటే దానికి విడిగా హోల్డ్ పెట్టాలి.

ప్రోగ్రామర్లు. లైబ్రరీలను బిల్డ్ చేసిన ప్రతిసారీ తాజాగా లాగొద్దు. లాక్ ఫైలులో బిగించి, అప్‌డేట్ ప్రతిపాదనలను ఆటోగా తయారుచేయించి, టెస్టులు పాసయ్యాక కలపండి. 2024 మార్చి చివర బయటపడిన ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్లు కుదించే సాధనం) ఉదంతం ఈ ఆలస్యం విలువ చూపిస్తుంది. ఫిబ్రవరి చివర విడుదలైన 5.6.0, తర్వాతి 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు దాచారు. ఎప్పటికప్పుడు తాజా వెర్షన్ తీసుకునే లినక్స్ పరీక్షా శాఖల్లోకి అది చేరింది. డెబియన్ అనే లినక్స్ రకంలో అందరూ వాడే స్థిర శాఖ దాకా రాకముందే దొరికిపోయింది.

రౌటర్, కెమెరా, స్మార్ట్ పరికరాలు. ఆటో ఉంటే ఆన్ చేయండి, రాత్రి వేళ ఇవ్వండి. ఆటో లేని మోడల్ అయితే మూడు నెలలకోసారి అడ్మిన్ పేజీలో ఫర్మ్‌వేర్ (పరికరం లోపల ఉండే సాఫ్ట్‌వేర్) చూడండి. వేస్తున్నంతసేపూ కరెంటు తీగ ముట్టుకోవద్దు. సగంలో ఆగితే పరికరం మళ్లీ లేవకపోవచ్చు.

## చెడ్డ అప్‌డేట్ తగిలితే

విండోస్ నడుస్తుంటే ‘విండోస్ అప్‌డేట్’, ‘అప్‌డేట్ హిస్టరీ’, ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’. నడవకపోతే, వరసగా రెండు మూడు సార్లు బూట్ విఫలమైతే రికవరీ తెర తనే వస్తుంది. అక్కడ ‘ట్రబుల్‌షూట్’, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’లో ముందు క్వాలిటీ అప్‌డేట్ తీసి చూడండి, తగ్గకపోతే ఫీచర్ అప్‌డేట్. తీసిన వెంటనే అప్‌డేట్లను ఒక వారం పాజ్ చేయడం మరవొద్దు. లేదంటే ఆ రాత్రే అదే అప్‌డేట్ మళ్లీ దిగి, పొద్దున్నకు మళ్లీ మొదటికి వస్తుంది.

లినక్స్ కొత్త కెర్నల్‌తో లేవకపోతే గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేముందు వచ్చే జాబితాలో) ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ కింద పాత కెర్నల్ ఎంచుకోండి. వర్డ్‌ప్రెస్ సైట్ ఖాళీ తెల్ల పేజీగా మారి అడ్మిన్ పేజీ కూడా రాకపోతే ఎఫ్‌టీపీతో (సర్వర్‌లోని ఫైళ్లను నేరుగా చూసే దారితో) ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చండి, వర్డ్‌ప్రెస్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌లకు మాత్రమే ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ ఉంటుంది. అది పోయిన వారం వెర్షన్‌కు కాకుండా ఫోన్ సిస్టమ్‌తో వచ్చిన వెర్షన్‌కు తీసుకెళ్తుంది.

ఒక్కసారి చెడ్డది తగిలిందని ఆటోను శాశ్వతంగా ఆపేయకండి. పాజ్‌కు ముగింపు తేదీ ఉంటుంది, ఆఫ్‌కు ఉండదు.

## స్విచ్ ఆన్‌లో ఉన్నా అప్‌డేట్లు రానివి

మద్దతు గడువు ముగిసిన పరికరంలో ‘మీ సాఫ్ట్‌వేర్ తాజాగా ఉంది’ అనే కనిపిస్తుంది. కొత్తవి రావడం ఆగిపోయింది కాబట్టి ఆ మాట సాంకేతికంగా తప్పు కాదు, కానీ అది నమ్మి కూర్చుంటే నష్టపోతాం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగింపు ప్యాచ్‌ల పథకంలో చేరని కంప్యూటర్‌లో ఆటో స్విచ్ ఎటు తిప్పినా తేడా ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘సెట్టింగ్స్’, ‘అబౌట్ ఫోన్’, ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కితే సెక్యూరిటీ ప్యాచ్ తేదీ కనిపిస్తుంది. అది మూడు నాలుగు నెలల పాతదైతే ఒకసారి చేత్తో అప్‌డేట్ వెతకండి. ఏడాది దాటి, వెతికినా ఏమీ రాకపోతే ఆ ఫోన్‌లోంచి బ్యాంకు యాప్, ప్రధాన మెయిల్ ఖాతా తీసేసి, ఇంకా ప్యాచ్‌లు అందుతున్న మరో ఫోన్‌కు మార్చుకోండి.